మెషీన్‌కి భుజం ఉండదు

బ్యాటింగ్ కేజ్‌లో టకటకా తగిలిన బంతి, ఎదురుగా మనిషి నిలబడి విసిరేసరికి ఎందుకు తగలదు? బేస్‌బాల్ బ్యాటర్లని నూట పాతికేళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

టోకెన్ వేశాను. ఇనుప డబ్బాలో అది గలగలా కిందికి జారింది. అవతల ఎక్కడో మోటార్ లేచింది. చివర్న ఎర్రదీపం వెలిగింది. అంతే, పసుప్పచ్చ బంతి ఒకటి నా మోచేతి కింద నుంచి దూసుకుపోయి వెనక వేలాడదీసిన రబ్బరు పట్టా మీద ధడేల్మని పడింది. నేనింకా బ్యాట్ ఎత్తనేలేదు.

డాలస్ శివారులో మా అన్నయ్య ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంది ఆ కేజ్. వలతో కట్టిన పొడుగాటి సొరంగాలు ఎనిమిదో తొమ్మిదో వరసగా ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో అంకె. నేను దూరిన దాని మీద 70 అని ఉంది. గంటకి 70 మైళ్ళు, అంటే దాదాపు 113 కిలోమీటర్లు. కాలేజీ రోజుల్లో అంత వేగం మ్యాటింగ్ వికెట్ మీద ఆడినవాణ్ణే, ఇదేం లెక్క అనుకున్నాను. మొదటి టోకెన్‌కి ఇరవై బంతుల్లో రెండు తగిలాయి. రెండో టోకెన్‌కి తొమ్మిది. మూడోదానికి పద్నాలుగు! చేతులు మండుతున్నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వల అవతల నిమ్మరసం తాగుతూ మా అన్నయ్య కొడుకు నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్ళు, హైస్కూల్ టీములో పిచర్. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో వీళ్ళకి పిచర్ అలాగ.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"బానే ఉంది బాబాయ్. కానీ నువ్వు బంతిని చూడట్లేదు. లైటుని చూస్తున్నావు."

నిజమే. ఆ రహస్యం రెండో టోకెన్ మధ్యలో పట్టేశాను. దీపం వెలిగాక మనసులో 'ఒకటి' అనుకుని బ్యాట్ తిప్పితే చాలు. బంతి ఎప్పుడొస్తుందో, ఎంత ఎత్తులో వస్తుందో, ఎక్కడికొస్తుందో అన్నీ ముందే తెలుసు. కళ్ళు మూసుకున్నా నాలుగైదు తగిలేవేమో.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటి దగ్గరి పార్కుకి తీసుకెళ్ళాడు. అక్కడ మట్టిదిబ్బ ఉంది, మౌండ్ అంటారు. వాడు దాని మీదికెక్కాడు. వాడి వేగం కూడా ఇంచుమించు డెబ్భయ్యే. అంకె అదే కాబట్టి ఫలితం కూడా అదే అనుకున్నాను.

వాడు ఎడమ మోకాలు ఛాతీ దాకా ఎత్తి ఒంటికాలి మీద ఆగాడు. ముందుకి పడిపోతున్నట్టుగా పెద్ద అడుగేశాడు. చెయ్యి వీపు వెనక ఎక్కడికో పోయి తల పక్కనించి కొరడాలా వచ్చింది. నేను ఆ చేతినే చూస్తున్నాను, బంతి వెనక కంచెకి తగిలింది. రెండోది: అదే మోకాలు, అదే చెయ్యి, అదే ఊపు. ఈసారి బంతి రాలేదు. నేను గిర్రున తిరిగిపోయాక తీరిగ్గా వచ్చింది. మూడోది నేరుగా నా భుజం మీదికొస్తోందని గొంతుక్కూర్చున్నాను. అది వంగి, నా ముందు నేల మీదున్న హోమ్ ప్లేట్ నడిమధ్య మీదుగా మర్యాదగా వెళ్ళిపోయింది. వాడు గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు, బాబాయిని చూసి నవ్వితే బాగుండదని.

ఇరవై బంతుల్లో ఒక్కటి తగిలింది. అదీ గీత అవతల పడ్డ ఫౌల్.

రోకలితో కమలాపండు

ముందు ఆ పని ఎంత కష్టమో చూద్దాం. పిచర్ నిలబడే పలక నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. 1893 నుంచి మారలేదు. మన క్రికెట్‌లో క్రీజు నుంచి క్రీజుకి 58 అడుగులు. అంటే దూరంలో పెద్ద తేడా లేదు. కానీ క్రికెట్ బంతి సాధారణంగా నేలకి కొట్టుకుని వస్తుంది, కొంత వేగం అక్కడే పోతుంది. బేస్‌బాల్ గాల్లోనే వస్తుంది. పైగా పిచర్ ముందుకి అడుగేసి వదులుతాడు కనక, బంతి చేతిలోంచి జారేసరికి మిగిలేది 55 అడుగులే. అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో మామూలుగా కనిపించే 95 మైళ్ళ బంతి ఆ దూరాన్ని 0.4 సెకన్లలో దాటేస్తుంది. బ్యాట్ తిప్పడానికే 0.15 సెకన్లు కావాలి. బంతిని చూడటం, అదేమిటో పోల్చుకోవడం, కొట్టాలా వదలాలా తేల్చుకోవడం, ఇవన్నీ మిగిలిన పావు సెకనులో అయిపోవాలి.

ఇక చేతిలో ఉన్నది క్రికెట్ బ్యాట్‌లా నాలుగంగుళాల పలక కూడా కాదు. గుండ్రటి కర్ర, దాని అతిపెద్ద వ్యాసం 2.61 అంగుళాలు. బంతి దానికంటే కాస్త లావు. రోకలి పట్టుకుని, పక్కింటి డాబా మీంచి ఎవరో విసిరిన కమలాపండుని సరిగ్గా నడిమధ్యలో కొట్టడం లాంటిది. అందుకే ఆ ఆటలో పదిసార్లకి మూడుసార్లు కొట్టగలిగితే గొప్పవాడంటారు. 2022లో మేజర్ లీగ్ మొత్తం సగటు .243. అంటే ప్రపంచంలోకెల్లా మేటి బ్యాటర్లంతా కలిసి నాలుగింట ఒకటి కూడా కొట్టలేకపోయారు.

బంతిని చివరిదాకా చూడమని ప్రతి కోచ్ అరుస్తాడు. చూడటం కుదరదని టెర్రీ బాహిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1984లోనే తేల్చాడు. ప్రొఫెషనల్ ఆటగాడి కళ్ళు కూడా ప్లేటుకి ఐదారు అడుగుల దగ్గరికొచ్చేసరికి బంతిని వదిలేస్తాయి. ఆ చివరి ముక్క ఊహే. మరి ఆ ఊహ దేని మీద నిలబడుతుంది? చాలావరకు బంతి చేతిలోంచి జారకముందు, జారిన క్షణాన కనబడినదాని మీద. పిచర్ భుజం ఎంత తెరుచుకుంది, మోచెయ్యి ఏ ఎత్తులో ఉంది, మణికట్టు ఎటు తిరిగింది. ఆస్ట్రేలియాలో బ్రూస్ అబెర్నెథీ బృందం క్రికెట్ బౌలర్ల వీడియోలని బంతి వదలకముందే ఆపేసి, తరవాతేం వస్తుందో చెప్పమని బ్యాటర్లని అడిగింది. మేటి బ్యాటర్లు బౌలర్ చేతిని, మణికట్టుని చూసే చాలావరకు పట్టేశారు. కొత్తవాళ్ళు దిక్కులు చూశారు.

కేజ్‌లో పోయేది సరిగ్గా ఇదే. రెండు చక్రాల మధ్య బంతి దూరుతుంది, బయటికొస్తుంది. చదవడానికి అక్కడ ఒళ్ళే లేదు.

తుపాకీతో మొదలు

పిచింగ్ మెషీన్ పుట్టుక కథ కాస్త విడ్డూరం. 1897లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చార్లెస్ హింటన్ అనే గణితం మేష్టారు విద్యార్థుల ప్రాక్టీసు కోసం ఫిరంగి లాంటి గొట్టం తయారు చేశాడు. మందుగుండు పేల్చితే బంతి ఎగిరొచ్చేది. గొట్టం మూతి దగ్గర రబ్బరు తొడిగిన ఉక్కు వేళ్ళు పెట్టి బంతిని వంపు కూడా తిప్పాడు. నాలుగో పరిమాణం గురించి పుస్తకాలు రాసినాయన, 'టెసరాక్ట్' అనే మాటని పుట్టించినాయన ఈయనే. అంతటి బుర్ర ఉన్న మనిషికి, ఎదురుగా ఢామ్మని పేలితే కుర్రాళ్ళు బ్యాట్ పారేసి దూకుతారన్నది మాత్రం తట్టినట్టు లేదు.

ఆ తరవాత 1952లో పాల్ జియోవాన్యోలీ ఇనుప చెయ్యి ఉన్న మెషీన్ తెచ్చాడు. 'ఐరన్ మైక్' అని జనం పిలుచుకునేది ఆ జాతినే. స్ప్రింగు బిగుసుకుని చెయ్యి గిరుక్కున తిరిగి బంతిని విసురుతుంది. చెయ్యి ఉంది, భుజం లేదు. 1970ల మొదట్లో ఆరెగాన్ రాష్ట్రం నుంచి జగ్స్ కంపెనీ చక్రాల మెషీన్ వచ్చింది. రెండు చక్రాల వేగం మార్చితే బంతి వంపు తిరుగుతుంది. ఇవాళ అమెరికా ఊళ్ళలో కనిపించే మెషీన్లలో చాలావాటికి తాత ముత్తాతలు ఈ రెండే.

బంతి సంగతీ చెప్పాలి. అసలు బేస్‌బాల్‌కి ఎర్రదారంతో 108 జంట కుట్లుంటాయి. ఆ కుట్లు తిరిగే తీరుని బట్టే మంచి బ్యాటర్లు బంతి జాతిని పోల్చుకుంటారు. స్లైడర్ అనే బంతి వస్తుంటే కుట్లన్నీ కలిసి చిన్న ఎర్రచుక్కలా కనిపిస్తాయని చెప్తారు. కేజ్‌లో వాడే పసుప్పచ్చ బంతికి ఆ కుట్లుండవు. ఎక్కువ కాలం మన్నాలని గోల్ఫ్ బంతిలా గుంటలు గుంటలుగా చేస్తారు. చదువు నేర్పే చోట అక్షరాలు చెరిపేసిన పుస్తకం పెట్టినట్టు.

జోర్డాన్‌కీ తగల్లేదు

1994 ఫిబ్రవరి. అప్పటికి ప్రపంచంలో మేటి క్రీడాకారుడెవరంటే కళ్ళు మూసుకుని చెప్పే పేరు మైకేల్ జోర్డాన్. బాస్కెట్‌బాల్ వదిలేసి బేస్‌బాల్‌లోకొచ్చాడు. చికాగో వైట్ సాక్స్ వాళ్ళు అలబామాలోని తమ చిన్న టీము బర్మింగ్‌హామ్ బేరన్స్‌కి పంపారు. మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా. ఆట మొదలవకముందు కేజ్, ఆట అయ్యాక మళ్ళీ కేజ్. చేతులు బొబ్బలెక్కి పగిలేదాకా కొట్టాడు. కష్టపడలేదని శత్రువు కూడా అనలేడు.

మొదట్లో వరసగా 13 మ్యాచ్‌ల్లో ఏదో ఒక హిట్ కొట్టాడు కూడా. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు జనం. అవతలి పిచర్లు పిచ్చివాళ్ళు కాదు కదా. నేరుగా వచ్చే వేగం బంతిని ఈయన కొడుతున్నాడని చూశారు, వంపు బంతులు మొదలెట్టారు. సీజన్ ముగిసేసరికి లెక్క ఇదీ: 436 సార్లు బ్యాటింగ్, 88 హిట్లు, 114 స్ట్రైకౌట్లు (బంతిని కొట్టలేక అవుటవడం). సగటు .202.

అప్పటికి ఆయనకి 31 ఏళ్ళు. మిగతావాళ్ళు ఎనిమిదో ఏట నుంచి వేల మంది చేతుల్లోంచి జారిన లక్షల బంతులు చూసి అక్కడికొచ్చినవాళ్ళు. అన్ని చేతుల్ని చూసిన అనుభవాన్ని ఒక వేసవిలో, అందులోనూ కేజ్‌లో పోగేసుకోవడం ఎవరివల్లా కాదు. ఆ .202ని చూసి ఇప్పటికీ వెటకారం చేసేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ వయసులో, ఆ కొద్ది నెలల్లో, అన్ని హిట్లు కొట్టడమే వింత.

దీనికి అద్దంలో బొమ్మలాంటి సంగతి ఇంకోటి పదేళ్ళ తరవాత, 2004లో కాలిఫోర్నియాలో జరిగింది. ఒక సరదా సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లో అమెరికా మహిళల టీము పిచర్ జెన్నీ ఫించ్ బంతి అందుకుంది. ఎదురుగా ఆల్బర్ట్ పుజోల్స్, మైక్ పియాజా, బ్రయన్ జైల్స్. ముగ్గురూ మేజర్ లీగ్ తారలే. సాఫ్ట్‌బాల్ వాళ్ళ బంతికంటే పెద్దది, వేగమూ తక్కువ. దూరం 43 అడుగులే కనక చేరడానికి పట్టే సమయం మాత్రం ఇంచుమించు అంతే. ముగ్గుర్నీ అవుట్ చేసింది. ఫించ్ విసిరేది నడుం కింద నుంచి. ఆ భుజం తిరిగే తీరు, ఆ తుంటి కదలిక వాళ్ళు జన్మలో చూడలేదు. కళ్ళు అవే, కండలు అవే. చదవాల్సిన లిపి మారిపోయింది, అంతే. క్రీడాశాస్త్రం మీద రాసే డేవిడ్ ఎప్‌స్టైన్ తన పుస్తకంలో మొదటి అధ్యాయాన్ని ఈ ఉదంతంతోనే మొదలుపెట్టాడు.

కాదనడం ఎక్కడ నేర్పుతారు?

కేజ్‌లో నేను కనిపెట్టిన ఇంకో సంగతి చెప్తాను. ఒక్క బంతి కూడా వదల్లేదు. డబ్బులు పెట్టి టోకెన్ కొన్నాక వదలబుద్ధి అవుతుందా? పైగా మెషీన్ దాదాపు ప్రతి బంతినీ కొట్టే చోటికే వేస్తుంది. అసలు ఆటలో దాదాపు సగం బంతులు ఆ చోటుకి, అంటే స్ట్రైక్ పరిధికి, బయటే పడతాయి. వాటి మీదికి వెళ్ళకుండా చెయ్యి కట్టేసుకోవడం బ్యాటింగ్‌లో సగం. మెషీన్ ముందు ఆ సగం అసలు అభ్యాసానికే రాదు. స్టాండు వేసిన సైకిల్ తొక్కితే పిక్కలు గట్టిపడతాయి, నిజమే. బ్యాలన్స్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

1941లో .406 కొట్టిన టెడ్ విలియమ్స్ తరవాత ఇంతవరకూ అమెరికన్, నేషనల్ లీగుల్లో ఎవరూ .400 దాటలేదు. ఆయన 'ది సైన్స్ ఆఫ్ హిట్టింగ్' పుస్తకంలో స్ట్రైక్ పరిధిని 77 బంతుల పటంగా గీసి, ఒక్కో చోట పడ్డ బంతిని కొడితే తనకెంత సగటు వస్తుందో వేసుకున్నాడు. నడిమధ్యలో అయితే .400. బయటి వైపు కింది మూలలో .230. కాబట్టి ఆ మూలలో పడితే వీలైనంతవరకు వదిలెయ్యడమే ఆయన పద్ధతి. కొట్టడంలో అంత పేరున్నవాడి కిటుకు కొట్టకపోవడంలో ఉంది.

అవతలివాడికీ బుర్ర ఉంటుందన్నది ఇందులో ఇంకో పేచీ. మొన్న నేను మొదటి బంతికి ఆలస్యం చేశాను. మా వాడు అది చూశాడు. రెండోసారి నేను తొందరపడతానని వాడికి తెలుసు. అందుకే నెమ్మది బంతి. చేంజప్ అంటారు, చెయ్యి ఊపు వేగంగా వేసే బంతికున్నట్టే ఉంటుంది, బంతి మాత్రం ఎనిమిది పది మైళ్ళు తక్కువ. మెషీన్‌కి నేనెవరో తెలీదు. నా మీద కక్షా లేదు, జాలీ లేదు.

భయం సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు కానీ ఉంటుంది. 1920 ఆగస్టులో కార్ల్ మేస్ విసిరిన బంతి కణతకి తగిలి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ మర్నాడు చనిపోయాడు. మేజర్ లీగ్ మ్యాచ్‌లో పిచర్ విసిరిన బంతి తగిలి పోయింది ఆయనొక్కడే. అయినా కొత్త బ్యాటర్లకి హెల్మెట్ తప్పనిసరి చెయ్యడానికి 1971 దాకా పట్టింది. చేతిలోంచి బంతి జారితే ఎటైనా రావచ్చు. ఆ సంగతి మోకాళ్ళకి తెలుసు, మనసు ఎంత సర్దిచెప్పినా వినవు. మూడో బంతికి నేను గొంతుక్కూర్చున్నది అందుకే.

మన నెట్స్‌లో ఇదే గొడవ

క్రికెట్ వాళ్ళకి ఇది కొత్త కాదు. 2005 యాషెస్ సిరీస్ ముందు ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ కోసం ఇంగ్లండ్ వాళ్ళు 'మెర్లిన్' అనే స్పిన్ మెషీన్ తెచ్చుకుని తెగ సాధన చేశారు. సిరీస్ గెలిచారు. అయినా వార్న్ 40 వికెట్లు తీసుకున్నాడు. ఏడేళ్ళ ముందు, 1998లో, అదే వార్న్ కోసం సచిన్ చెన్నైలో ఏం చేశాడో మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. లెగ్‌స్టంప్ బయట పిచ్‌ని గరుకు చేయించి, లక్ష్మణ్ శివరామకృష్ణన్ చేత అరౌండ్ ది వికెట్ బంతులు వేయించుకున్నాడు. మెషీన్ కాదు, మణికట్టున్న మనిషి. మొదటి ఇన్నింగ్స్‌లో వార్న్‌కే 4 పరుగులకి అవుటైనా, రెండో ఇన్నింగ్స్‌లో 155 నాటౌట్. ఇప్పుడు భారత జట్టులో రాఘవేంద్ర లాంటి త్రోడౌన్ నిపుణులు సైడ్‌ఆర్మ్ అనే పరికరం పట్టుకుని విసురుతున్నది కూడా మెషీన్‌కీ బౌలర్‌కీ మధ్య దారి. వేగం పరికరానిది, భుజం మనిషిది.

మెషీన్ చేసేవాళ్ళూ ఊరుకోలేదు. టొరంటోకి చెందిన ట్రాజెక్ట్ కంపెనీ మెషీన్ ముందు పెద్ద తెర ఉంటుంది. దాని మీద ఇవాళ ఎదురయ్యే పిచర్ నిలువెత్తు వీడియో కదులుతుంది. ఆయన చెయ్యి బంతి వదిలే చోటే తెరకి కన్నం, సరిగ్గా అప్పుడే అందులోంచి నిజం బంతి, ఆయన వేగంతో, ఆయన తిప్పే తీరులోనే వస్తుంది. 2024 సీజన్ నుంచి మేజర్ లీగ్ టీములు మ్యాచ్ నడుస్తుండగానే దీన్ని వాడుకోవచ్చు. భుజం లేని లోటు చాలావరకు తీర్చారని ఒప్పుకోవాలి. అయితే తెర మీది పిచర్ నిన్న వేసిందే మళ్ళీ వేస్తాడు. రాత్రి నిజం పిచర్ ఏం వెయ్యాలనుకుంటాడో ఆయనకే తెలియాలి.

అలాగని కేజ్‌ని తీసిపారెయ్యను. ఊపు సరిచేసుకోవడానికి, పాదం ఎక్కడ పడుతోందో చూసుకోవడానికి, ఒకే తప్పుని వందసార్లు దిద్దుకోవడానికి దానికి మించింది లేదు. ఏ పిచర్ భుజం వందలకొద్దీ బంతులు భరిస్తుంది? పెద్దాటగాళ్ళు కూడా రోజూ దాని దగ్గరికి వెళ్తారు. అమెరికాలో మన పిల్లలు చాలామంది లిటిల్ లీగ్‌లో ఆడుతున్నారు. ఆదివారం పూట టోకెన్ల మీద టోకెన్లు వేయిస్తున్న తెలుగు నాన్నలని ఆ కేజ్ దగ్గరే ముగ్గుర్ని చూశాను. వాళ్ళకి చెప్పదగ్గది ఒక్కటే: నాలుగు టోకెన్ల డబ్బులు మిగుల్చుకోండి, పక్కింటి పిచర్ కుర్రాణ్ణి పిలిచి వాడికి పిజ్జా కొనిపెట్టండి. మీవాడు వాడి బంతుల్లో సగం వదిలేసినా ఏమీ అనకండి.

ఇక నాకు తగిలిన ఆ ఒక్క ఫౌల్ సంగతి. రాత్రి భోజనాల దగ్గర నాలుగోసారి వర్ణించి చెప్తున్నాను. పప్పు వడ్డిస్తూ మా వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. బాబాయికి ఒక్కటైనా తగలాలని, చివరి బంతి తిన్నగా, మెల్లగా వేశాడట వాడు.